ప్రేమే ప్రమాణమైతే ఆజ్ఞలెందుకు?
ప్రేమే పరమ ప్రమాణమైతే బైబిల్‌లోని పది ఆజ్ఞల అవసరమేమిటన్న ఈ ప్రశ్న, అమెరికన్ ఎపిస్కోపల్ మతగురువు జోసెఫ్ ఫ్లెచర్ 1966లో ప్రతిపాదించిన సందర్భానుసార నీతివాదంతో, అంటే ఏ సందర్భంలో ఏది సరైనదో ప్రేమే నిర్ణయిస్తుందన్న వాదంతో, తీవ్ర చర్చకు వచ్చింది. ఆయన దృష్టిలో ప్రేమ అంటే అనురాగం కాదు, నచ్చనివారికి సైతం మేలు చేయాలన్న సంకల్పం. గ్రీకులో దీనినే అగాపే అంటారు. నియమాలను ఆయన పూర్తిగా తోసిపుచ్చలేదు. అవి దారి చూపుతాయనీ, అయితే హంతకుల నుంచి ఒకరిని కాపాడేందుకు ఆడిన అబద్ధం క్షమించదగినది మాత్రమే కాదు, సరైనదే అవుతుందనీ వాదించారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది: ఏది మేలో ముందుగా లెక్కకట్టగల దూరదృష్టి ఎంతమందికి ఉంటుంది? పైగా స్వార్థానికి ప్రేమ అని పేరు పెట్టుకోవడం మనిషికి కష్టమేమీ కాదు. ప్రేమ విడివిడి చర్యలనే కాక స్థిరమైన నియమాలను కూడా నిర్దేశిస్తుందన్న అమెరికన్ క్రైస్తవ నీతిశాస్త్రవేత్త పాల్ రామ్సే సమాధానమే నాకు బలమైనదిగా తోస్తుంది.