ట్రాప్‌కు తెలుగు: వలా, ఉచ్చా, బోనా?

సందేహం: పత్రికలలో ఒకచోట ‘ఏసీబీ వలలో అధికారి’ అనీ, మరోచోట ‘హనీట్రాప్ ఉచ్చులో యువకుడు’ అనీ, ఇంకోచోట ‘చిరుత కోసం బోను’ అనీ చదువుతున్నాను. ఇంగ్లీషులో అన్నింటికీ ట్రాప్ ఒక్కటే మాట. తెలుగులో వీటిలో ఏది సరైనది?

సమాధానం: మూడూ సరైనవే. అయితే ఒకటి ఉండవలసిన చోట మరొకటి నిలవదు. ఇంగ్లీషువారికి పట్టి ఉంచేది ఏదైనా ట్రాపే. మనవాళ్లు మాత్రం అది ఎలా పడుతుందో చూసి పేరు పెట్టారు. వల కప్పుతుంది, ఉచ్చు బిగుస్తుంది, బోను మూసుకుంటుంది. పక్కన క్రియను పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ‘అతని చుట్టూ ఉచ్చు బిగుసుకుంటోంది’ అన్న వాక్యంలో ఉచ్చు తీసేసి వల పెట్టండి, అర్థం చెడిపోతుంది. 2023లో తిరుమల కాలినడక దారిలో చిరుతలను పట్టడానికి అటవీ సిబ్బంది పెట్టినవి బోనులు. వాటిని ఉచ్చులంటే తప్పు. అడవిలో తీగతో ఉచ్చులు పన్నేది వేటగాళ్లు.

ఏసీబీ వార్తలలో వల బాగా కుదిరింది. అధికారుల వాడుకలో అది ట్రాప్ కేసు. ఫినాఫ్తలీన్ పొడి పూసిన నోట్లను ఫిర్యాదుదారు చేతికిచ్చి పంపుతారు. వాటిని తీసుకున్నవారి వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగుకు మారుతుంది. ముందే పరిచి ఉంచి, వచ్చి పడేదాకా కాచుకునే పని ఇది. ఇక్కడ బోను అంటే మరో చిక్కు కూడా ఉంది. న్యాయస్థానంలో ముద్దాయి నిలబడేదీ బోనే కనుక, ‘బోనులో అధికారి’ అంటే వ్యవహారం విచారణ దాకా వెళ్లిందని పాఠకులు అనుకుంటారు.

హనీట్రాప్‌కు ‘వలపు వల’ అన్నవారెవరో గాని, వారికి మంచి చెవి ఉంది. వలపు ‘వలచు’ నుంచి వచ్చింది, వలతో దానికి చుట్టరికం లేదు. అయినా రెండూ పక్కపక్కన చేరగానే ఒక ఇంట పుట్టినట్టు పలుకుతున్నాయి.

అసలు తెలుగుదనం చూడాలంటే పొలానికి వెళ్లాలి. ఫెరోమోన్ ట్రాప్‌ను మన వ్యవసాయ శాఖవారు లింగాకర్షక బుట్ట అన్నారు. ఆడ రెక్కల పురుగు వాసనను పోలిన ఎరకు మగవి వచ్చి అందులో పడతాయి. పత్తిలో గులాబీ రంగు పురుగు ఉనికిని కనిపెట్టడానికి ఎకరాకు 4 పెట్టమంటారు. తెల్లదోమకు పసుపు రంగు, తామర పురుగుకు నీలం రంగు జిగురు అట్టలు. లైట్ ట్రాప్ దీపపు ఎర. పొగాకు లద్దె పురుగును తనవైపు లాక్కోవడానికి చేను చుట్టూ వేసే ఆముదం ఎర పంట. ఇంగ్లీషులో ఇవన్నీ ట్రాపులే. తెలుగులో మాత్రం బుట్ట, అట్ట, ఎర అన్న పేరు వింటేనే రైతుకు అది ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది. నిఘంటువు ముందు పెట్టుకుని అనువదించినవారైతే వీటన్నింటినీ ఉచ్చులు చేసి ఉండేవారు.

అలాంటి పొరపాటు కెమెరా ట్రాప్ విషయంలో జరుగుతోంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెట్లకు కట్టే ఈ కెమెరాలు జంతువును పట్టవు, అది ఎదుటికి రాగానే ఫోటో తీస్తాయి. వాటిని ‘కెమెరా ఉచ్చులు’ అంటే అటవీ సిబ్బందిని వేటగాళ్ల సరసన నిలబెట్టినట్టవుతుంది. ‘నిఘా కెమెరాలు’ చాలు.

కొన్నిచోట్ల ట్రాప్‌ను అలాగే ఉంచడం మేలు. స్నానాల గదిలో నీరు పోయేచోట బిగించే నహానీ ట్రాప్ అలాంటిది. మురుగు వాసన పైకి రాకుండా దాని వంపులో కొంచెం నీరు నిలిచి ఉంటుంది. మరాఠీలో న్హాణీ అంటే స్నానాల గది. అంటే ఈ పేరులో సగం మన పొరుగు భాషదే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్‌కు వెండి పతకం తెచ్చిన డబుల్ ట్రాప్ అనే తుపాకీ పోటీ పేరు కూడా అంతే. ఒకప్పుడు పావురాలను పెట్టెల్లోంచి వదిలి కాల్చేవారు. ఆ పెట్టెల పేరు ట్రాప్. పావురాల స్థానంలో మట్టి పళ్లేలు వచ్చినా పేరు మిగిలింది.

ట్రాప్డ్ అన్న రూపం కనబడితే మరీ జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అక్కడ ఎవరూ దేనినీ పన్నలేదు కనుక ‘చిక్కుకోవడం’ అన్నదే మాట. డెట్ ట్రాప్‌ను ‘అప్పుల ఊబి’ అన్నది మరీ బాగుంది. కదిలినకొద్దీ లోపలికి దిగబడడం ఉచ్చులో లేదు, ఊబిలో ఉంది.

మన పాత నిఘంటువులలో ఈ కుటుంబానికి చెందిన మాటలు ఇంకా ఉన్నాయి. ఏనుగును పట్టడానికి తవ్వే గొయ్యి ఓదం. తోటి జంతువులను ఆశపెట్టి రప్పించడానికి మచ్చిక చేసుకున్న మృగమో పక్షో దీమం. డికాయ్ ఆపరేషన్ అని రాసేటప్పుడు ఈ దీమాన్ని ఒకసారి గుర్తు చేసుకోమని పత్రికల మిత్రులను కోరుతున్నాను.