నొప్పి ఉన్న చేయి సూది పట్టకూడదా?

ప్రశ్న: మాది కడప. చాలా ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. నా వయసు 46. ఆరేళ్ల క్రితం నాకు ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులూ అలసటా ఏళ్ల తరబడి ఉండే జబ్బు) అని తేల్చారు. పూర్వం చీరల మీద, జాకెట్ల మీద రకరకాల పూలు కుట్టేదాన్ని. ఇప్పుడు గుడ్డ ముందేసుకుని కూర్చుంటే ఒక్క ఆలోచనా రావడం లేదు. ఎప్పుడైనా సూది పడితే, "వంటకు అడ్డొచ్చే నొప్పి కుట్టుకు అడ్డురాదా?" అంటారు మా అత్తగారు. ఏం చేయాలి?

జవాబు: ఆలోచనలు రావడం లేదని మీరు రాశారు గానీ, సూది పట్టిన ప్రతిసారీ ఎవరికో సంజాయిషీ చెప్పుకోవలసిన మనిషికి ఏ పువ్వు కుట్టాలో, ఏ రంగు వేయాలో ఎలా తోస్తుంది?

ఈ జబ్బులో కీళ్లు వాయవు, ఎక్స్‌రేలోనూ రక్తపరీక్షలోనూ నొప్పి కనబడదు, నిన్న మంచం దిగలేని మనిషి ఇవాళ తిరుగుతూ ఉంటుంది. కాబట్టి అత్తగారికి అనుమానం రావడంలో వింత లేదు. ఈ సంగతి మీకన్నా మీ డాక్టరు చెబితేనే ఆవిడకు నాటుతుంది కనుక, ఈసారి మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ వారు ఆవిడను వెంటబెట్టుకుని రావాలి. వంట గంటసేపు నిలబడి చేసేది, కుట్టు కూర్చుని ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగేది. (వంటలో మీ వారు ఏపాటి చేయి వేస్తారో మీరు రాయలేదు, నేను అడగక తప్పదు.)

ఇక కుట్టు. జరీ పనీ, సన్నటి గొలుసుకుట్టూ కొన్నాళ్లు పక్కన పెట్టి, మన సీమలో పాత నూలు చీరలతో కుట్టే బొంతను, కన్నడిగులు కౌది అనేదాన్ని, చేతిరుమాలంత కొలతలో మొదలుపెట్టండి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలులో సూది సులువుగా దిగుతుంది. పైకీ కిందికీ నడిచే సాదా కుట్టు తప్ప మరేమీ అక్కర్లేదు. ఫ్రేము వాడితే బల్లకు బిగించేది తీసుకోండి, వేళ్లకు పట్టు భారం తగ్గుతుంది. పది నిమిషాలకు అలారం పెట్టుకుని, పని బాగా సాగుతున్నా ఆపేయండి. నొప్పి వచ్చేదాకా కుట్టి ఆపితే రెండు రోజులు మంచం మీద గడపవలసి వస్తుంది. రోజుకొక ముక్క తీసుకుని ఆనాడు చేయి ఎన్ని వరసలు సాగనిస్తే అన్నే కుట్టండి. ఒకనాడు ఏడు, ఒకనాడు ఒకటి, ఒకనాడు దారం ఎక్కించి ఊరుకున్న ఖాళీ ముక్క. నెలయ్యాక ఆ ముక్కలను పక్కపక్కన పరిస్తే, మీరు వెతుకుతున్న నమూనా అందులోనే ఉంటుంది. నొప్పికి గుర్తుగా ముళ్లూ మంటలూ కుట్టాలన్న సలహాలు నాకు నచ్చవు.

కుట్టు మందుకూ, రోజువారీ నడకకూ బదులు కాదు. చేతివేళ్లలో వాపు గానీ, కొత్తగా తిమ్మిరి గానీ కనిపిస్తే పాత జబ్బే అనుకోకుండా వెంటనే చూపించుకోండి.

మొదటి ముక్కకు పాత చీర అత్తగారినే అడగండి. కడప వైపు ఆ వయసు ఆడవాళ్లలో బొంత కుట్టడం చూడనివారు అరుదు. మడత ఎలా వేయాలో ఆవిడ చూపించడం మొదలుపెడితే, ఆ పూట మీరు ఒక్క కుట్టూ వేయకపోయినా నష్టం లేదు.