అప్‌డేట్ తర్వాత నిద్రపోని లాప్‌టాప్: మేనకోడలికి ఉత్తరం

చెన్నై

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. విండోస్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి నీ లాప్‌టాప్ మూత వేస్తే స్క్రీన్ ఆరిపోతోంది గానీ ఫ్యాన్ మాత్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటోందని రాశావు. ఒక్కోసారి బెంగళూరులో మారతహళ్ళి నుంచి బయల్దేరి ఆఫీసుకి చేరేసరికి బ్యాగులో చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటోందన్నావు. మీ పీజీలో అమ్మాయి ఫార్మాట్ కొట్టేయమంది కదా, ఆ పని మాత్రం చేయకు. ఫార్మాట్ చేసినా మళ్ళీ అదే అప్‌డేట్, అదే డ్రైవర్ (లోపలి పరికరాలను విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) వచ్చి కూర్చుంటాయి. నీ ఫైళ్ళు, నీ రెండు రోజులు పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఎవరు ఆలస్యం చేస్తున్నారో ముందు మెషీన్‌నే అడగాలి. అడిగితే అది చెబుతుంది.

అంతకన్నా ముందు ఒక జాగ్రత్త. కారణం తేలేదాకా లాప్‌టాప్‌ని స్లీప్‌లో ఉంచి బ్యాగులో పెట్టకు. గది దాటేటప్పుడు షట్‌డౌన్ చెయ్యి. తెరిచిన పని మూయడం ఇష్టం లేకపోతే హైబర్నేట్ పెట్టు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్తే మూత వేసినప్పుడు ఏం జరగాలో ఎంచుకునే చోటు ఉంటుంది, అక్కడ స్లీప్ తీసి హైబర్నేట్ పెట్టేయ్. అది మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద రాసుకుని పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి కాస్త టైమ్ తీసుకుంటుంది. లైట్లు ఆరి, ఫ్యాన్ ఆగాకే జిప్ వెయ్యి. మీ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు బస్సులో కూర్చుంటే ఆ బ్యాగులో వేడి పోయే దారి ఉండదు. ఇక్కడ రిచీ స్ట్రీట్‌లో మా రిపేరు షాపు బల్ల మీదికి ఇలాంటివి వస్తూనే ఉంటాయి. టచ్‌ప్యాడ్ క్లిక్ పడట్లేదండీ అని తెస్తారు. వెనక మూత విప్పితే బ్యాటరీ పూరీలా ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని కిందనుంచి నెడుతూ కనబడుతుంది. దానికి వేడి ఒక్కటే కారణమని అనను, కానీ వేడి బ్యాటరీ ఆయుష్షు తినేస్తుందన్నది ఖాయం. నాకు భయం నీ ఫైళ్ళ గురించి కాదు, ఆ బ్యాగు నీ ఒళ్ళో ఉంటుందని.

ఇంకోటి, ఫ్యాన్ ఆగట్లేదన్న విసుగుతో పవర్ బటన్ నొక్కిపట్టి చంపేయకు. అదే సమయంలో డిస్క్ మీద ఏదైనా రాస్తుంటే ఫైలు పాడవుతుంది. ఒక చిన్న సమస్య రెండు సమస్యలవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. స్లీప్ సరిగ్గా లేదు అంటే మూడు రకాలు. అసలు నిద్రకే వెళ్ళకపోవడం ఒకటి, వెళ్ళడానికి ఆలస్యం చేయడం ఒకటి, వెంటనే వెళ్ళి మళ్ళీ తనంతట తాను లేవడం ఇంకొకటి. బయటి నుంచి మూడూ ఒకేలా కనబడతాయి. నీకు మొదట ఆలస్యం, దారిలో లేవడం రెండూ జరుగుతున్నాయేమోనని నా అనుమానం. బ్యాగులో వేడెక్కడానికి కొద్ది నిమిషాల ఆలస్యం చాలదు.

స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కు. ఆ నల్ల కిటికీలో పవర్ అని, దాన్ని ఆనుకుని సి, ఎఫ్, జి అక్షరాలు కొట్టు. తర్వాత ఒక ఖాళీ, స్లాష్, ఎ కొట్టి ఎంటర్ నొక్కు. నీ మెషీన్‌కి ఏ రకం నిద్ర తెలుసో అక్కడ వస్తుంది. ఎస్3 అని ఉంటే పాతకాలపు స్లీప్: మెమరీకి తప్ప మిగతా దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. ఎస్0 లో-పవర్ ఐడిల్ (S0 Low Power Idle) అని ఉంటే మోడర్న్ స్టాండ్‌బై. ఈమధ్య వచ్చే లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఇదే. ఇందులో స్క్రీన్ వెంటనే ఆరిపోతుంది, లోపల మెషీన్ మాత్రం ఫోన్ లాగే సన్నగా మేలుకుని ఉంటుంది. కాసేపు చిల్లర పనులు చేసుకోవడం దాని స్వభావం. ఫ్యాన్ హోరెత్తడం, ఒళ్ళు కాలిపోవడం స్వభావం కాదు.

కొత్త అప్‌డేట్ తర్వాత ఒకటి రెండు రోజులు లోపల సర్దుబాటు నడుస్తుంది. సెర్చ్ ఇండెక్స్ మళ్ళీ కట్టుకోవడం, పాత ఫైళ్ళు తీసేయడం, యాంటీవైరస్ స్కాన్ లాంటివి. కాబట్టి ఒక రాత్రి చార్జర్ పెట్టి, మూత తెరిచి, బల్ల మీద గాలి ఆడేలా వదిలెయ్. స్లీప్ టైమర్ ఆ ఒక్క రాత్రికి తీసెయ్. మంచం మీద, దుప్పటి మీద మాత్రం వద్దు. పొద్దున్నే రీస్టార్ట్ కొట్టు. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం దీనికి సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ తన గుండెకాయ భాగాన్ని డిస్క్ మీద దాచుకుని మర్నాడు అదే తెచ్చుకుంటుంది. రీస్టార్ట్‌లో అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. ఈ తేడా చాలామందికి తెలియదు. రోజూ ఆఫ్ చేస్తూనే ఉన్నాను మామయ్యా అని నువ్వూ అంటావని ముందే చెబుతున్నాను.

దాంతో నయం కాకపోతే మళ్ళీ ఆ నల్ల కిటికీలోకి వెళ్ళు. అదే కమాండ్, స్లాష్ తర్వాత స్లీప్‌స్టడీ అని ఇంగ్లీషులో కలిపి కొట్టు. ఒక రిపోర్ట్ తయారై, అది ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా రాసి చూపిస్తుంది. మోడర్న్ స్టాండ్‌బై ఉన్న మెషీన్లలో బంగారం లాంటి రిపోర్ట్ ఇది. గడిచిన 3 రోజుల్లో ఎప్పుడెప్పుడు నిద్రపోయింది, ఎంత బ్యాటరీ తాగింది అన్నీ ఉంటాయి. నువ్వు బస్సులో ఉన్న టైమ్ వెతికి, ఆ వరస మీద నొక్కు. టాప్ అఫెండర్స్ అన్న చోట మేలుకుని ఉన్నవాళ్ళ పేర్లుంటాయి: వైఫై కార్డో, ఆడియో డ్రైవరో, ఏదో యాపో. నీ అనుమానాలన్నిటికన్నా ఆ పేరు విలువైనది.

స్లాష్ తర్వాత రిక్వెస్ట్స్ అని కొడితే, ఆ నిమిషంలో నిద్రకు అడ్డం పడుతున్నవాళ్ళు కనబడతారు. అన్ని వరసల్లోనూ నన్ (None) అని ఉంటే ఎవరూ లేనట్టు. బ్రౌజర్‌లో పాట ఆగి ఉన్నా, మీటింగ్ యాప్ సగంలో వదిలేసినా ఆడియో స్ట్రీమ్ వాడకంలో ఉందని చూపించడం మామూలే. అయితే ఈ అడ్డంకులు ముఖ్యంగా తనంతట తాను నిద్రపోవడాన్ని ఆపుతాయి. నువ్వు మూత వేసి పొమ్మన్నా కదలకపోతే ఎక్కువసార్లు అది డ్రైవర్ పని. నిద్రకు వెళ్ళే ముందు విండోస్ ఒక్కో పరికరాన్నీ పడుకోమని అడుగుతుంది. ఒకటి జవాబివ్వకపోతే మిగతావి దానికోసం కాచుకుని ఉండాల్సిందే. అది మరీ మొండికేస్తే నీలం స్క్రీన్ వచ్చి డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని రాసి చూపిస్తుంది.

ఏదో తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్షలున్నాయి. ముందు యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేసి మూత వేసి చూడు. మౌస్ డాంగిల్ కూడా. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టి మూత వెయ్యి. అప్పుడు ఫ్యాన్ వెంటనే ఆగితే దొంగ వైఫై, బ్లూటూత్ వైపు ఉన్నట్టు. ఒకసారికి ఒక్కటే మార్చు, నోటు పుస్తకంలో రాసుకో. నాలుగూ కలిపి మార్చి బాగైందనుకుంటే ఏది మందో తెలియదు. మళ్ళీ జబ్బొస్తే మళ్ళీ మొదటికే వస్తావు.

దొంగ పేరు దొరికాక, లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో నీ మోడల్ నంబర్ కొట్టి ఆ పరికరం డ్రైవర్ తెచ్చుకో. ఊరూ పేరూ లేని సైట్లలో డ్రైవర్ అప్‌డేటర్ అని దొరికేవి దగ్గరికి రానివ్వకు. అప్‌డేట్‌తో వచ్చిన కొత్త డ్రైవరే సమస్య అయితే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కు. అది నొక్కడానికి లేకుండా మసకగా ఉంటే పాత డ్రైవర్ మిగల్లేదని అర్థం.

చివరాఖరికి అప్‌డేట్‌నే తీసేయవచ్చు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ, అక్కడ అన్‌ఇన్‌స్టాల్ ఉంటుంది. వచ్చింది పెద్ద వెర్షన్ మార్పు అయితే రికవరీలో గో బ్యాక్ ఉంటుంది గానీ మామూలుగా దానికి 10 రోజులే గడువు. నీకు వారం దాటిపోయింది కాబట్టి ఆలోచించడానికి ఎక్కువ టైమ్ లేదు. నా సలహా మాత్రం, దీన్ని ఆఖరి మాటగా ఉంచుకో. సెక్యూరిటీ సవరణలు వదులుకుని ఎక్కువ రోజులు ఉండటం మంచిది కాదు.

బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే అదీ స్లీప్‌ని బాగుచేయగలదు. కానీ తొందరపడకు. ముందు నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ చూసి కాగితం మీద రాసిపెట్టుకో. 48 అంకెలుంటాయి. బయోస్ మారాక మెషీన్ ఆ కీ అడిగితే, అది లేనివాళ్ళకి నీ డిస్క్ తాళం వేసిన ఇనప్పెట్టే. బ్యాటరీ నిండుగా ఉండాలి, చార్జర్ పెట్టి ఉండాలి. వాన పడి పీజీలో కరెంటు వస్తూ పోతూ ఉన్న సాయంత్రం ఆ పని పెట్టుకోవద్దు.

రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఒక విలువ మార్చి పాత ఎస్3 స్లీప్‌ని తెప్పించే చిట్కా కూడా ఎవరో ఒకరు చెబుతారు. బయోస్‌లోనే ఎస్3 లేని మెషీన్‌లో అలా చేస్తే స్లీప్ మొత్తానికే పోవచ్చు, లేదా పడుకున్నది లేవకపోవచ్చు. వద్దు.

ఇదంతా నీ సొంత లాప్‌టాప్‌కే. ఆఫీసు వాళ్ళిచ్చిన దానికీ ఇదే రోగం వస్తే కమాండ్లు కొట్టకుండా ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టు. దాని మీద అధికారం వాళ్ళది, మాట పడేది నువ్వు.

మొదటి కమాండ్ చూపించిన స్క్రీన్ ఫోటో తీసి, స్లీప్‌స్టడీ రిపోర్ట్ ఫైలుతో కలిపి నాకు వాట్సాప్ చెయ్యి. మోడల్ నంబర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, అదీ పంపు. అవి చూశాక ఏ డ్రైవర్ ముట్టుకోవాలో ఫోన్‌లో చెబుతాను. రాత్రి 9 దాటాక చెయ్యి, షాపు కట్టేసి ఉంటాను.

మీ మామయ్య