సరస్సు మట్టి పైపొరకే వేయేళ్ల వయసు వస్తే

మీరు సరస్సు అడుగు నుంచి నిలువుగా తీసిన మట్టి స్తంభంలో, ఇటీవలిదై ఉండాల్సిన పైపొరకే రేడియోకార్బన్ వయసు (కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఎంత క్షీణించిందో చూసి లెక్కించే వయసు) సుమారు వేయేళ్లుగా తేలిందని, అందువల్ల రుతుపవనాలు బలహీనపడిన కాలాన్ని నిర్ణయించలేకపోతున్నానని రాశారు. ప్రయోగశాల పొరపాటు కంటే ముందు సున్నపురాతిని అనుమానించడం మంచిది. పరీవాహక ప్రాంతంలో అది ఉంటే, కార్బన్-14 ఏనాడో క్షీణించిపోయిన పాత కార్బన్ నీటిలో కరిగి, ఆ నీటిలోనే పెరిగే నాచులోకి, నత్తగుల్లల్లోకి చేరుతుంది కాబట్టి, వాటి వయసు అసలుకంటే ఎక్కువగా కనిపిస్తుంది.

అందుచేత మొత్తం మట్టిని కాక, గాలి నుంచి కార్బన్ తీసుకున్న నేలమొక్కల ఆకులను, గింజలను ఏరి పరీక్షకు పంపండి. ఓపికను పరీక్షించే పనే అది. పైభాగానికి, సుమారు 22 ఏళ్ల అర్ధాయువు గల, అంటే అన్నేళ్లకోసారి సగానికి తగ్గే, రేడియోధార్మిక సీసం-210ను, అణు పరీక్షల వల్ల 1963 ప్రాంతంలో శిఖరానికి చేరిన సీజియం-137ను కలిపి వాడితే నిజమైన వయసు తెలుస్తుంది. దాన్ని రేడియోకార్బన్ వయసుతో పోల్చడానికి 1950కి ముందటి పొరను ఎంచుకోండి, ఎందుకంటే ఆ తర్వాతి పొరల్లో అణు పరీక్షల కార్బన్ కూడా కలిసి ఉంటుంది. అయితే అలా వచ్చిన తేడాను స్తంభమంతటా ఒకేలా తీసివేయకండి: సరస్సు నీటిమట్టం మారినప్పుడు, అంటే సరిగ్గా మీరు వెతుకుతున్న రుతుపవన మార్పుల కాలంలోనే, ఆ తేడా కూడా మారవచ్చు.