ఎన్‌డీఏ కోసం రెండున్నర లక్షల హాస్టల్ అవసరమా?

ప్రశ్న: మాది పలాస. మావారు జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, నేను అంగన్‌వాడీ టీచర్ని. మా అమ్మాయికి మొన్న ఆగస్టులో పదహారు నిండాయి. ఊళ్లోనే ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. మా తమ్ముడు ఆర్మీలో హవల్దారు. వాడు సెలవుకొచ్చి ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) గురించి చెప్పినప్పటి నుంచి ఆఫీసరునవుతాను, యుద్ధవిమానం నడుపుతాను అని ఒకటే పట్టు. ఒక రెసిడెన్షియల్ కాలేజీవాళ్లు సెకండియర్‌తో పాటు ఎన్‌డీఏ కోచింగ్ ఇస్తామని రెండున్నర లక్షలు అడుగుతున్నారు. అప్పు చేసి చేర్పించాలా? పిల్ల ఎత్తు 158 సెంటీమీటర్లు. కళ్లజోడు లేదు. ఇంగ్లిష్ చదువుతుంది కానీ మాట్లాడదు. మా అత్తగారేమో పెళ్లి సంగతేమిటని గొడవ.

జవాబు: అప్పు చెయ్యకండమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు.

కోచింగ్ దండగ అని నేననను. రాతపరీక్షకు పనికొస్తుంది. కానీ ఎన్‌డీఏలో రాతపరీక్షకు 900 మార్కులైతే, ఆ తర్వాత ఐదు రోజులు జరిగే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు ఇంకో 900. ఆ కాలేజీవాళ్లు మొదటి 900 చూపించి డబ్బు అడుగుతున్నారు. వాళ్ల హాస్టల్లో ఏడాది ఉంటే రెండో 900కి దెబ్బ తగులుతుందని నా భయం. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు రాతపరీక్ష సంగతి. యూపీఎస్సీ దీన్ని ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పెడుతుంది. లెక్కల పేపరు 300 మార్కులకు 120 ప్రశ్నలు. జనరల్ ఎబిలిటీ పేపరు 600 మార్కులకు 150 ప్రశ్నలు. ఇందులో 200 ఇంగ్లిష్‌వి, మిగతా 400 ఫిజిక్స్, కెమిస్ట్రీ, చరిత్ర, భూగోళం, వర్తమాన వ్యవహారాల వంటివాటివి. ఒక్కో పేపరుకు రెండున్నర గంటలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. ప్రశ్నలు ఇంగ్లిష్, హిందీల్లోనే ఇస్తారు, తెలుగులో ఉండవు. ఈమధ్య సంవత్సరాల్లో 900కి 300 అటూఇటూగా వచ్చినవాళ్లకు ఎస్‌ఎస్‌బీ పిలుపు వచ్చింది. అయితే రెండు పేపర్లలోనూ కనీస మార్కులు విడివిడిగా రావాలి. జేఈఈ ర్యాంకుల తొక్కిసలాట చూసిన కళ్లకు ఇది మరీ భయపెట్టే గీతేమీ కాదు. లెక్కలు దాదాపు ఇంటర్ సిలబసే, వేగం పెంచుకుంటే సరిపోతుంది. మన ఎంపీసీ పిల్లలు బోల్తా పడేది చరిత్ర, భూగోళంలో. టెన్త్ అయ్యాక ఆ పుస్తకాల మొహం చూసినవాళ్లెవరు? ఆరు నుంచి పది దాకా ఎన్‌సీఈఆర్‌టీ సోషల్ పుస్తకాలు కొనండి. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతాయి. ఖర్చు రెండు మూడు వేలు దాటదు.

వయసు లెక్క కూడా మీకు అనుకూలంగానే ఉంది. కోర్సు మొదలయ్యేనాటికి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్యలో ఉండాలి, పెళ్లి కాకూడదు. సెప్టెంబరులో రాస్తే మరుసటి ఏడాది జులై కోర్సుకి, ఏప్రిల్‌లో రాస్తే ఆ వచ్చే జనవరి కోర్సుకి. సెకండియర్ చదువుతూనే రాయొచ్చు. అంటే మీ అమ్మాయికి సెకండియర్ సెప్టెంబరు, ఆపై ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు, ఆ పైన ఇంకో ఏప్రిల్, మొత్తం నాలుగుసార్లు అవకాశం. ఆఖరిది అంచుల్లో ఉంటుంది కాబట్టి నోటిఫికేషన్‌లో పుట్టిన తేదీల గడువు ఒకసారి చూసుకోండి. వాళ్లు నమ్మేది టెన్త్ సర్టిఫికెట్లో ఉన్న తేదీనే.

ఇక ఎస్‌ఎస్‌బీ. మొదటిరోజు స్క్రీనింగ్. ఒక లాజిక్ పరీక్ష పెడతారు, తర్వాత మసకబొమ్మ ఒకటి చూపించి కథ రాయమంటారు, ఆ కథ మీద గుంపులో చర్చ. అక్కడే చాలామందిని ఇంటికి పంపేస్తారు. మిగిలినవాళ్లకు ఛాతీ మీద నంబరు కట్టి నాలుగు రోజులు ఉంచుకుంటారు. సైకాలజీ పరీక్షలో 60 మాటలు ఒక్కొక్కటి 15 సెకన్లపాటు చూపిస్తారు, ఆలోపు మనసుకు తోచిన వాక్యం రాసెయ్యాలి. 60 సందర్భాలిచ్చి నువ్వైతే ఏం చేస్తావంటారు, దానికి అరగంట. మైదానంలో దుంగలు, తాళ్లు ఇచ్చి గుంపుగా అడ్డంకులు దాటమంటారు. ఒక్కరే చేసే అడ్డంకులు పది, టైము మూడు నిమిషాలు. ఆఖరి రోజు అధికారులందరూ కూర్చుని తేలుస్తారు. ఇన్ని సీట్లు నింపాలన్న లెక్క ఆ బోర్డుకు లేదు. వెళ్లిన బ్యాచ్ మొత్తం ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రోజులు మామూలే.

ఈ ఐదు రోజుల్లో ఒక ఫారం నింపిస్తారు, పీఐక్యూ అంటారు. తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం, ఆదాయం, పిల్లల మార్కులతో పాటు ఏం ఆటలాడావు, ఏ స్థాయి దాకా, ఎంతకాలం, నీ హాబీలేంటి, ఎన్‌సీసీ ఉందా, ఏ బాధ్యతలు మోశావు అన్న గళ్లుంటాయి. ఇంటర్వ్యూ చేసే అధికారి ఈ ఫారం ముందు పెట్టుకునే ప్రశ్నలడుగుతారు. మన కార్పొరేట్ హాస్టళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, గ్రౌండ్ ఉండదు, పేపరు రాదు, వంటవాడితో తప్ప పెద్దవాళ్లతో మాటల్లేవు. అక్కడ ఏడాది ఉన్న పిల్ల ఆ గళ్లలో ఏం రాస్తుంది?

నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చేవాడు. రాతపరీక్ష మూడుసార్లు గట్టెక్కాడు, మూడుసార్లూ ఎస్‌ఎస్‌బీలో పోయింది. ఫారంలో ఆటల దగ్గర క్రికెట్ అని రాశాడట. ఆఖరిసారి ఎప్పుడాడావు బాబూ అని అడిగితే తొమ్మిదో తరగతిలో అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. ఆ తర్వాత వాళ్ల నాన్న ఇంకో చోట ఎస్‌ఎస్‌బీ కోచింగ్ పెట్టించారు. అక్కడ 60 మాటలకూ జవాబులు బట్టీ పట్టించారు. ఒకే అచ్చులో పోసిన వాక్యాలు ఆ సైకాలజిస్టులు రోజూ చూస్తుంటారు, ఇట్టే తెలిసిపోతుంది.

అందుకే చెప్తున్నా, సెకండియర్ ఇంటి దగ్గరే చదవనివ్వండి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరమనండి. వాలీబాలో కబడ్డీయో, జట్టుగా ఆడే ఆట ఏదో ఒకటి రోజూ సాయంత్రం గంటసేపు. ఇంటికి సంబంధించిన పని ఒకటి పూర్తిగా తనకే అప్పగించండి. కరెంటు బిల్లులు, బ్యాంకు పనులు, నానమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఏదైనా సరే, మీరు వెనక నుంచి దిద్దకండి. ఇంగ్లిష్ గురించి అంత టెన్షన్ వద్దు. రోజూ పేపర్లో ఒక వార్త చదివి, పేపరు మూసేసి, మూడు నిమిషాలు బయటికి చెప్పమనండి. వినడానికి మీరో, తన ఫ్రెండో కూర్చుంటే చాలు. తప్పులొస్తాయి, రానివ్వండి. గ్రూప్ డిస్కషన్‌లో గ్రామర్ తప్పినవాళ్లు నెగ్గుకొస్తారు, నోరు విప్పనివాళ్లకే కష్టం.

మీ తమ్ముడిగారు మీకు కొండంత అండ. సిక్కోలు జిల్లాలో ఇంటికొక జవాను ఉన్న ఊళ్లున్నాయి, ఫౌజు జీవితం కళ్లారా చూసే భాగ్యం అందరికీ ఉండదు. కాకపోతే ఒక్క జాగ్రత్త. ఆయనకు బాగా తెలిసింది జవాను భర్తీ. అక్కడ పరుగు టైమే ప్రాణం. ఎన్‌డీఏ ఎంపికలో పరుగుపందెం లేదు. మేనకోడలిని తెల్లవారుజామున పరిగెత్తిస్తే మంచిదే, చేరాక పనికొస్తుంది, కానీ అదే తయారీ అనుకోకండి. అగ్నివీర్ వేరు, ఇది వేరు. అది నాలుగేళ్ల భర్తీ, అందులో నూటికి పాతికమందిని దాకా ఉంచుకుంటారు. ఎన్‌డీఏ నుంచి వచ్చేవాళ్లు పర్మనెంట్ కమిషన్ పొందే, అంటే రిటైరయ్యేదాకా ఉద్యోగం ఉండే ఆఫీసర్లు.

యుద్ధవిమానం మాట. ఇది పిల్లతో ఇప్పుడే మాట్లాడాలి. ఫ్లయింగ్ బ్రాంచికి 163 సెంటీమీటర్లు కావాలి. పదహారు దాటాక అమ్మాయిలు ఐదు సెంటీమీటర్లు పెరగడం అరుదు. పెరిగినా కాళ్ల పొడవు, కూర్చున్న ఎత్తు కూడా కొలుస్తారు. హ్రస్వదృష్టి అసలు పనికిరాదు. పైలట్ ఎంపికకు పెట్టే కంప్యూటర్ పరీక్ష జన్మకు ఒక్కసారే, అందులో పోతే మళ్లీ రాయనివ్వరు. మిగతా దారులకు అమ్మాయిలకు 152 సెంటీమీటర్లు చాలు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ గ్రౌండ్ డ్యూటీ, అన్నీ తెరిచే ఉన్నాయి. విమానం లేకపోతే నాకీ యూనిఫామే వద్దంటుందా, లేక యూనిఫామే ముఖ్యమంటుందా? తన జవాబును బట్టి నా సలహా మారిపోతుంది. ఇప్పుడే ఒకసారి కంటి డాక్టరుకు చూపించి రంగులు గుర్తుపట్టే పరీక్ష కూడా చేయించండి. చూపు తగ్గితే లేజర్ ఆపరేషన్ చేయిస్తే సరి అని ఎవరైనా అంటే వినకండి, ఎన్‌డీఏలో ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను తీసుకోరు.

అమ్మాయిలకు ఈ తలుపు తెరుచుకుని ఎంతో కాలం కాలేదు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే ఆ నవంబరులో మొదటిసారి పరీక్ష రాశారు. 2022లో 19 మంది చేరారు, 2025 మే 30న వాళ్లలో 17 మంది పట్టా పుచ్చుకుని బయటికొచ్చారు. ఒక్కో దఫా దాదాపు 400 సీట్లుంటే అమ్మాయిలవి అందులో పదో వంతు కూడా కావు. కులాల రిజర్వేషన్ లేదు. అందుకని రాతపరీక్షలో గీత దాటితే చాలనుకోకుండా, అమ్మాయిలు ఇంకా పైన ఉండేలా చదవాలి.

దొరికితే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా. పుణె పక్కన ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆరు టర్ములు. ఆ తర్వాత ఏ దళంలోకి వెళ్తే ఆ అకాడమీలో ఇంకో ఏడాది. ఎయిర్‌ఫోర్స్ అయితే మన హైదరాబాద్ పక్కనే దుండిగల్, నేవీ అయితే కేరళలో ఎళిమల. చదువు, తిండి, వసతి, వైద్యం ప్రభుత్వానివే. జేఎన్‌యూ డిగ్రీ ఇస్తారు. చేరేటప్పుడు బట్టలు, సామాన్లు, పాకెట్ మనీ కింద కొన్ని వేలు కట్టాలి, ఆదాయం తక్కువున్న ఇళ్లకు కొంత సాయం ఉంటుంది. ఆఖరి ఏడాది స్టైపెండు నెలకు 56,100 రూపాయలు, కమిషన్ వచ్చాక మొదటి మూలవేతనం కూడా అంతే, పైన అలవెన్సులు. మొదటి టర్ము చాలా కష్టం. నిద్ర చాలదు, ఫోను చేతికి దొరకదు, తప్పు చేస్తే పల్టీలు. ఈత తప్పదు. పలాసలో ఈత నేర్చుకున్న ఆడపిల్లలు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు, భయపడకండి, అక్కడ నేర్పుతారు. టర్ము తప్పితే ఆరు నెలలు వెనక్కి వేస్తారు, అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. కానీ నాకిష్టం లేదని మధ్యలో మానేసి వస్తే శిక్షణ ఖర్చు తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయొచ్చు. సంతకం చేసేముందు ఆ బాండు చదవండి.

బ్రోషర్లలో కనపడని మాట ఇంకోటి. శిక్షణలో గట్టి దెబ్బ తగిలి వైకల్యంతో బయటికొచ్చిన క్యాడెట్లను మాజీ సైనికులుగా లెక్కించరు, వాళ్లకు ఇచ్చేది పెన్షన్ కాదు, నెలనెలా ఎక్స్‌గ్రేషియా. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం విచారణకు తీసుకుంది. మాజీ సైనికుల వైద్య పథకంలోకి వాళ్లనూ తెచ్చారు. ఇలా జరిగేది కొద్దిమందికే, అయినా మీకు తెలిసి ఉండాలి. యుద్ధభూమి సంగతి వేరే చెప్పక్కర్లేదు. సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు మీ పక్క జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లోనే చదివి, ఎన్‌డీఏకి వెళ్లి, 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. ఈ మాటలు పిల్ల ముందే అనండి, తను వినాలి.

మావారు ఇంజినీరింగ్ అంటే ఏం చేయాలని మీరు అడగలేదు కానీ, అడుగుతారు. జేఈఈ మెయిన్ ఎలాగూ రాయించండి. రెండో విడత ఏప్రిల్‌లోనే, ఎన్‌డీఏ తేదీతో తగలకుండా చూసుకోవాలి. నేవీవాళ్లు ఆ ర్యాంకుతోనే ఎళిమలలో బీటెక్ ఎంట్రీకి పిలుస్తారు. ఎన్‌డీఏ నాలుగుసార్లూ తప్పినా, డిగ్రీ అయ్యాక ఆఫీసరు ఉద్యోగాలకే రాసే సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ పరీక్షలున్నాయి. ఎత్తు కొలత మాత్రం అక్కడా ఉంటుంది.

మీ అత్తగారికి చెప్పండి, మొదటి రెండుసార్లలో నెగ్గితే మనవరాలు ఆఫీసరు అయ్యేనాటికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. ఇంజినీరింగ్ చదివినా ఆ వయసుకే బయటికొస్తుంది. శిక్షణలో పెళ్లి కుదరదు, తర్వాత ఎవరూ వద్దనరు.

సెప్టెంబరు పరీక్షకు నోటిఫికేషన్ మామూలుగా మే నెలలో వస్తుంది. అమ్మాయిలకు ఫీజు లేదు. అప్లికేషన్ నెట్ సెంటరువాడి చేతికివ్వకుండా పిల్ల చేతే నింపించండి. ఈలోగా ఒక తెల్లకాగితం మీద ఆ పీఐక్యూ గళ్లు గీసి, ఇవాళ్టి తేదీ వేసి, ఉన్నది ఉన్నట్టు రాయమనండి. ఆటలు, హాబీలు, బాధ్యతలు. మేలో అదే కాగితం తీసి మళ్లీ నింపమనండి. రెండూ నాకు పంపితే చూసి, అప్పుడు కోచింగ్ మాట మళ్లీ మాట్లాడుకుందాం.