ఎఫ్‌డీ అనుకున్నది యూలిప్ అని తేలింది: రెండో ప్రీమియం కట్టాలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. జీడిపిక్కలు అమ్మిన డబ్బు ఎఫ్‌డీ వేద్దామని మా నాన్న (61) నిరుడు బ్యాంకుకి వెళ్తే, లక్ష తీసుకుని ఒక బాండు ఇచ్చారు. అందులో బీమా మొత్తం 7 లక్షలని ఉంది. ఇప్పుడు రెండో లక్ష కట్టమని మెసేజ్ వచ్చింది. కట్టాలా? ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్‌లో పెడితే మేలా?

జవాబు: ముందు ఆ బాండు మీద యూఐఎన్ నంబరు (ప్రతి బీమా పథకానికీ ఉండే గుర్తింపు సంఖ్య) వెతకండి. మొదటి మూడంకెల తర్వాత వచ్చే అక్షరం ‘ఎల్’ అయితే అది యూలిప్, మార్కెట్‌తో పాటు పెరిగి తగ్గే పాలసీ. ‘ఎన్’ అయితే మార్కెట్‌తో ముడిపడనిది, లెక్కలు వేరు, ఆ వివరాలతో మళ్లీ రాయండి. బీమా మొత్తం ప్రీమియానికి సరిగ్గా ఏడు రెట్లుంది కాబట్టి యూలిప్ అనే అనుకుని చెబుతున్నాను.

రెండో ప్రీమియం కట్టకండి. కట్టకపోతే మొదటి లక్ష మునిగిపోతుందని భయపెడతారు, అది నిజం కాదు. గడువు దాటాక 30 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉంటుంది. ఆ తర్వాత, రెండో ఏడాదిలో ఆపినందుకు ఏడాది ప్రీమియంలో గానీ ఫండ్ విలువలో గానీ 4%, ఏది తక్కువైతే అది కోస్తారు. మీకు 4,000 మించదు. మిగిలింది డిస్‌కంటిన్యూడ్ ఫండ్‌లోకి, అంటే ఆపేసిన పాలసీల డబ్బు ఉంచే ఫండ్‌లోకి వెళ్తుంది, దానిమీద ఏడాదికి కనీసం 4% రాబడి ఇవ్వాలి. ఐదేళ్ల లాకిన్ (డబ్బు తీయలేని గడువు) పూర్తయ్యాకే చేతికొస్తుంది. బీమా రక్షణ మాత్రం ఆగిపోతుంది.

కడితే ఏమవుతుందో కూడా చూడండి. బాండు వెనక మోర్టాలిటీ చార్జీల (బీమా రక్షణకి కోసే రుసుము) పట్టిక ఉంటుంది. ఉదాహరణకు నాన్నగారి వయసు ఎదురుగా వెయ్యికి 14 అని ఉంటే, 7 లక్షల్లో ఫండ్ విలువ (రెండు ప్రీమియాలు కలిపి సుమారు 2 లక్షలు) పోగా మిగిలిన 5 లక్షల మీద ఏడాదికి సుమారు 7,000. అది నెలనెలా యూనిట్లు తెగ్గోసి తీసుకుంటారు. ఆయన సంపాదన మీద ఎవరూ ఆధారపడని ఇంట్లో ఇది శుద్ధ దండగ. దీనికి తోడు ఫండ్ నిర్వహణకి 1.35% దాకా పోతుంది. బీమా పది రెట్లు లేదు కాబట్టి మెచ్యూరిటీ సొమ్ముకి పన్ను మినహాయింపూ రాదు.

ఇక ఫిర్యాదు. గెలిస్తే లక్షా వెనక్కొస్తుంది కాబట్టి దీన్ని వదలొద్దు. వెనక్కిచ్చేసే 30 రోజుల ఫ్రీ లుక్ గడువు దాటిపోయింది. అయినా ఎఫ్‌డీ అని నమ్మించి అంటగట్టారన్న ఫిర్యాదుకి ఆ గడువుతో పనిలేదు. బాండు చివర ప్రపోజల్ ఫారం నకలు ఉంటుంది. వృత్తి, ఆదాయం గడులు చూడండి. జీడితోట రైతుకి ‘వ్యాపారం, 8 లక్షలు’ అని రాసి ఉంటే మీ చేతిలో అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. పాలసీ వివరాలు సరిచూసుకోడానికి బీమా కంపెనీ చేసిన వెరిఫికేషన్ కాల్ రికార్డింగ్ కూడా అడగండి. సిబ్బంది పక్కన కూర్చుని ‘అన్నిటికీ అవుననండి’ అని చెప్పించడం మామూలే, వెనక ఆ గొంతు వినిపించవచ్చు.

ఎవరు, ఏ తేదీన, ఏం చెప్పి డబ్బు తీసుకున్నారో తేదీల వారీగా రాసి బీమా కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి పంపండి. ఒక ప్రతి బ్యాంకులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. రెండు వారాల్లో తేలకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వేదిక బీమా భరోసాకి (ఫోన్ 155255) చెప్పండి. కంపెనీ కాదన్నా, నెల దాటినా నోరు మెదపకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు, ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం కిందికే వస్తుంది. కంపెనీ కాదన్న ఏడాది లోపల వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. యూలిప్‌లాగే మ్యూచువల్ ఫండ్‌లోనూ అందరి డబ్బూ కలిపే పెడతారు. కానీ దానిమీద మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పర్యవేక్షణ ఉంటుంది, ఓపెన్ ఎండెడ్ (ఎప్పుడైనా చేరి బయటపడగల) పథకమైతే ఏ పనిదినమైనా అమ్ముకోవచ్చు, బీమా చార్జీ ఉండదు. అయినా ఎఫ్‌డీ వేద్దామని బయల్దేరిన మనిషి డబ్బు షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్‌లో పెట్టించకండి. 60 దాటారు కాబట్టి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఖాతా తెరవండి. గడువు ఐదేళ్లు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఆ రెండో లక్ష అందులో వేసి, నామినీ పేరు ఆ రోజే రాయించండి.