పెద్ద అమెరికన్ సెడాన్ కొనే ముందు: వాయిదా వదిలేసి ఐదేళ్ల ఖర్చు లెక్కెయ్యి

తమ్ముడూ, డాలస్‌కొచ్చి నాలుగు నెలలైందన్నావు. భార్య, ఏడాది పాప, చేతిలో 9,000 డాలర్లు. షెవర్లే ఇంపాలా, ఫోర్డ్ టారస్, క్రైస్లర్ 300, డాడ్జ్ చార్జర్ చూశావు. రూమ్మేట్ మాత్రం టొయోటా ఆవలాన్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దన్నాడు. ఏది సుఖం, ఏది బాగా లాగుతుంది, ఏది గిట్టుబాటు అని అడిగావు. డీలరు ఇచ్చే అప్పు గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. అందుకే ముందు అదే చెబుతా. దిగగానే మనవాళ్లు డబ్బు పోగొట్టుకునేది అక్కడే.

మొదటి బండికి నేను చేసిన తప్పు ఒక్క లెక్కలో పట్టేస్తుంది. 12,000 డాలర్లు, 18 శాతం వడ్డీ, 60 నెలలు. వాయిదా 305 డాలర్లు. జీతంలో అదెంతలే అనిపించే అంకె. అరవై వాయిదాలూ కలిపితే 18,280 డాలర్లు. అదే అప్పు 6 శాతానికి దొరికితే వాయిదా 232, మొత్తం 13,920. తేడా 4,360 డాలర్లు. ఆ డబ్బుతో బండికి ఒక్క బోల్టు కూడా అదనంగా రాలేదు. క్రెడిట్ చరిత్ర, అంటే ఇక్కడ అప్పులు తీసుకుని తీర్చిన రికార్డు, లేనివాడికి వడ్డీ ఎక్కువ పడుతుంది, అంతే. ఆ తర్వాత కొన్నవన్నీ చేతి డబ్బుతోనో, క్రెడిట్ యూనియన్ (సభ్యులే నడిపే సహకార బ్యాంకు లాంటిది) అప్పుతోనో కొన్నాను. ఇప్పుడు ఇంట్లో రెండు బండ్లున్నాయి, రెంటి మీదా పైసా బాకీ లేదు. అందుకు పెద్ద జీతం అక్కర్లేదు. ఈ లెక్క మొదటి రోజే వేసుకుంటే చాలు.

డీలరు నిన్ను అడిగే మొదటి ప్రశ్న "నెలకు ఎంత కట్టగలవు?" దానికి అంకె చెప్పకు. చెప్పావంటే ధర తగ్గించడు, నెలలు పెంచుతాడు: 60 నుంచి 72, 72 నుంచి 84. నువ్వు అడగాల్సింది అవుట్ ద డోర్ ధర, అంటే పన్ను, టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్, డాక్ ఫీజు (కాగితాల పనికి డీలరు తీసుకునేది) అన్నీ కలిపి తాళం చేతికొచ్చే అంకె. కాగితం మీద రాయించుకో. టెక్సాస్‌లో అమ్మకం పన్ను 6.25 శాతం. ఎక్స్‌టెండెడ్ వారంటీ, పెయింట్ ప్రొటెక్షన్, అద్దాల మీద నంబరు చెక్కడం లాంటివి సంతకాల గదిలో ఒక్కొక్కటిగా చేర్చుతారు. అవేవీ లేకుండా కొనొచ్చు. అప్పు తప్పనిసరైతే ముందే క్రెడిట్ యూనియన్‌లో రేటు అడిగి, ఆ కాగితం పట్టుకుని వెళ్లు. వీసా గడువును బట్టి అప్పు నెలలు తగ్గించేవాళ్లూ ఉంటారు. లైసెన్సు, ఇన్సూరెన్స్ కనీస పరిమితి, ఉద్గార పరీక్ష నిబంధనలు టెక్సాస్ ప్రభుత్వ సైట్లలో ఉంటాయి, అవి నువ్వే చూసుకోగలవు.

ఇక బండ్లు. మనుషుల చోటు, డిక్కీ కలిపి 120 ఘనపుటడుగులకు తగ్గకపోతే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ దాన్ని పెద్ద కారంటుంది. ఈ తరగతి దాదాపు అంతరించింది. టారస్ తయారీ 2019 మార్చిలో ఆగింది, ఇంపాలా 2020 ఫిబ్రవరిలో, ఆవలాన్ 2022లో, 300తో పాటు నువ్వు చూసిన పాత చార్జర్ 2023 చివర్లో. అందరూ ఎస్‌యూవీల వెంట పడ్డారు కాబట్టి ఇంత చోటున్న బండి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. అయితే కొన్న ధర ఒక ఎత్తు, మేపే ఖర్చు ఒక ఎత్తు.

ఇంపాలాలో 2014లో వచ్చిన కొత్త తరమే చూడు. 3.6 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల ఇంజిన్), 305 హార్స్‌పవర్, ముందు చక్రాల డ్రైవ్, 18.8 ఘనపుటడుగుల డిక్కీ, వెనక కాళ్లకు 39.8 అంగుళాలు. సీట్లు మెత్తన, లోపల శబ్దం తక్కువ. అది వచ్చిన ఏడాది వస్తువులను పరీక్షించి మార్కులు వేసే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక పరీక్షలో నూటికి 95 తెచ్చుకుంది. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల రకం కూడా ఉంది, 196 హార్స్‌పవర్. అంత బరువైన బాడీని ఏసీ వేసుకుని హైవే ర్యాంపు ఎక్కించేటప్పుడు అది ఆయాసపడుతుంది. వీ6నే వెతుకు.

ఇక్కడొక ఉచ్చుంది. 2014 నుంచి 2016 వరకు పాత తరం బాడీనే "ఇంపాలా లిమిటెడ్" పేరుతో అద్దె కంపెనీలకు, ఆఫీసులకు అమ్మారు. ప్రకటనలో "2015 ఇంపాలా, వీ6" అనే ఉంటుంది. ధర తక్కువ కనబడగానే మనవాడు పరుగెడతాడు. విన్ నంబరు (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) కొట్టి చూస్తే లిమిటెడ్ అని తేలిపోతుంది. అది వేరే బండి అనుకో: పాత ఛాసిస్, ఇరుకు వెనక సీటు, అద్దెకు తిరిగిన చరిత్ర.

షెవర్లే తయారుచేసే జీఎం కంపెనీ 3.6 ఇంజిన్‌కు పాత జబ్బు టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు) సాగడం. 2010కి ముందరి వాటిలో ఎక్కువ, 2014 నాటికి బాగా తగ్గింది. కారణం, ఆయిల్ ఆలస్యంగా మార్చడం. డాష్‌బోర్డులో ఆయిల్ లైఫ్ సున్నా అయ్యేదాకా ఆగకు, 5,000 మైళ్లకోసారి 6 క్వార్టుల (క్వార్టంటే లీటరుకు కాస్త తక్కువ) 5డబ్ల్యూ-30 డెక్సాస్ ఆయిల్ పోయించు, డెక్సాస్ అంటే జీఎం ఆమోదించిన రకం. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0008 గానీ, పీ0016 నుంచి పీ0019 దాకా ఏ కోడ్ గానీ కనబడితే ఆ బండి వదిలెయ్.

టారస్ గురించి నా మాట గట్టిగానే ఉంటుంది. 20.1 ఘనపుటడుగుల డిక్కీ, దిట్టమైన బాడీ, 3.5 లీటర్ల వీ6కు 288 హార్స్‌పవర్. ఎస్‌హెచ్‌ఓ రకానికి రెండు టర్బోలతో 365, నాలుగు చక్రాల డ్రైవ్. హైవే మీద దాని లాగుడు గొప్పదే. కానీ ఈ 3.5 ఇంజిన్‌లో వాటర్ పంపు ఇంజిన్ లోపలే ఉంటుంది, టైమింగ్ చైనే దాన్ని తిప్పుతుంది. పంపు సీలు పోతే కూలంట్ నేల మీద కారడమే కాదు, ఆయిల్‌లోనూ కలిసిపోవచ్చు. ఆయిల్ పాడైతే బేరింగులు, ఆ తర్వాత ఇంజిన్. పంపు మార్చాలంటే ముందు కవరు, చైన్లు విప్పాలి, దాదాపు ఒకటిన్నర రోజు పని. పంపు ధర చిన్నది, కూలీ పెద్దది. రెండు వేల డాలర్లకు తక్కువ కాదనుకో. లక్ష మైళ్లు దాటిన టారస్‌కు ఆల్టర్నేటర్ దగ్గర టార్చి వేసి చూడు, కూలంట్ ఎండిన మరక ఉంటే పంపు వెళ్లిపోతోందన్నమాట. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కాఫీ పాల రంగులో ఉంటే అక్కడితో మాట ఆపేసి వచ్చెయ్. ఎస్‌హెచ్‌ఓకు ఇంకో ఖర్చు: ముందు నుంచి వెనక చక్రాలకు శక్తి పంపే పీటీయూ. దాంట్లో ఉండేది అర క్వార్టు గేర్ ఆయిలే, అదీ వేడికి మాడిపోతుంది. పాత యజమాని ఎప్పుడైనా మార్పించిన రసీదు ఉందా అని అడుగు. పైగా బాడీ అంత పెద్దదైనా వెనక కాళ్లకు 38.1 అంగుళాలే, మధ్య కన్సోల్ ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లకు తగులుతుంది.

క్రైస్లర్ 300, చార్జర్ లోపల ఒకే ఛాసిస్. వెనక చక్రాల డ్రైవ్, 3.6 లీటర్ల పెంటాస్టార్ వీ6, 292 హార్స్‌పవర్. ప్రయాణంలో హాయి అంటే నా ఓటు 300కే. గతుకులు లోపలికి తెలియవు, వెనక కాళ్లకు 40.1 అంగుళాలు, 2012 నుంచి వీ6కు ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ దొరుకుతోంది. బరువుగా ఉన్నా హైవే మీద గాలన్‌కు 30 మైళ్ల దాకా ఇస్తుంది. డిక్కీ మాత్రం 16.3 ఘనపుటడుగులే. 2011 నుంచి 2013 వరకు వచ్చిన కొన్ని పెంటాస్టార్‌లలో ఎడమ సిలిండర్ హెడ్ లోపం ఉండేది. పీ0302, పీ0304, పీ0306 మిస్‌ఫైర్ కోడ్లు (ఆ సిలిండర్ సరిగా మండట్లేదని) దాని గుర్తు. అందుకని 2014, ఆ తర్వాతవే చూడు. వాటిలోనూ రెండు కనిపెట్టాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని ఆగకుండా వినబడితే రాకర్ ఆర్మ్ (వాల్వులను నొక్కే చిన్న మీట) అరిగింది. ఇంజిన్ మధ్య లోయలో ఆయిల్ నిలిచి ఉంటే ప్లాస్టిక్ ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ కారుతోంది.

5.7 లీటర్ల హెమీ వీ8 వైపు చూడకు. 363 హార్స్‌పవర్ ముచ్చటగానే ఉంటుంది. ఏటా 12,000 మైళ్లకు 630 గాలన్లు తాగుతుంది, మామూలు పెట్రోలు కంటే ఖరీదైన 89 ఆక్టేన్ పొయ్యమంటారు. వీ6 అయితే 520 గాలన్లతో సరి. చార్జర్‌కు ఇన్సూరెన్స్ కూడా చూసుకోవాలి. కుర్రాళ్లు దూకించే బండి, దొంగల కన్ను పడ్డ బండి. ఇక్కడ డ్రైవింగ్ చరిత్ర లేని నీలాంటివాడికి ప్రీమియం ఎలాగూ ఎక్కువే. కొనే ముందే నాలుగు బండ్ల విన్ నంబర్లూ ఇచ్చి కోట్ తీసుకో. ఆరు నెలల ప్రీమియంలో తేడా ఎంతో చూశాక చార్జర్ మోజు దానంతటదే తగ్గుతుంది.

ఆవలాన్ సంగతి. అది కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో తయారైంది కాబట్టి దీన్నీ ఈ వరుసలోనే చూస్తా. మీ రూమ్మేట్ చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. 2013 నుంచి 2018 దాకా వచ్చిన వీ6, 268 హార్స్‌పవర్, నిక్కచ్చిగా నడుస్తుంది. హైబ్రిడ్ అయితే గాలన్‌కు 40 మైళ్లు. ఏటా 12,000 మైళ్లు తిరిగితే గాలన్‌కు 22 ఇచ్చే ఇంపాలాకు 545 గాలన్లు, హైబ్రిడ్‌కు 300. గాలన్ మూడున్నర డాలర్లనుకుంటే ఏడాదికి 858 డాలర్లు మిగులు. ఆవలాన్ హైబ్రిడ్‌కు 4,000 ఎక్కువ పెట్టావనుకో, చేతి డబ్బైతే ఆ తేడా పూడటానికి నాలుగున్నరేళ్ల పైన పడుతుంది. అదే 4,000 మీద 18 శాతం వడ్డీ ఐదేళ్లు కడితే 6,094 అవుతుంది, పూడటానికి ఏడేళ్లు. ప్లానో నుంచి ఫోర్ట్‌వర్త్‌కు రోజూ పోయొస్తూ ఏడాదికి 20,000 మైళ్లు తిరిగేవాడైతే లెక్క మారిపోతుంది: మిగులు 1,430, మూడేళ్లలోపే పూడుతుంది. నువ్వు ఆఫీసుకు తొమ్మిది మైళ్లన్నావు. నీకు హైబ్రిడ్ అక్కర్లేదు.

సుఖం అంటే అందరూ సీటు తోలు చూస్తారు. అసలు తేడా టైరులో ఉంది. ఇంపాలాకు 18 అంగుళాల చక్రమైతే 235/50 టైరు, 300ఎస్‌కు 20 అంగుళాల చక్రం మీద 245/45. ఆ రెండో సంఖ్య తగ్గేకొద్దీ టైరు పక్కగోడ పలచన, కాంక్రీటు అతుకుల మీద దడదడ, గుంటలో పడితే రిమ్ము వంగడం, మార్చేటప్పుడు టైరుకు 50 డాలర్లు ఎక్కువ. డాలస్ హైవేల్లో కాంక్రీటే ఎక్కువ. 17, 18 అంగుళాల చక్రాలున్న బండినే ఎంచుకో. టైరు మీద డాట్ అక్షరాల చివర నాలుగంకెలు చూడు, 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటినవైతే ధరలోంచి 700 తగ్గించమను.

చూడ్డానికి వెళ్లేటప్పుడు పాప కార్ సీటు వెంట తీసుకెళ్లు. వెనక్కి తిప్పి బిగించాక ముందు సీట్లో నువ్వు మోకాళ్లు ముడవకుండా కూర్చోగలవా చూడు. అమ్మానాన్న వేసవికి వస్తారంటున్నావు, 300 తలుపు పైభాగం కిందికి ఉంటుంది, తల వంచి దిగాలి. పెద్దవాళ్లకు ఇంపాలా నయం.

అమ్మేవాడికి "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పు, బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడు. ఇందాక చెప్పిన కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ పాతిక డాలర్లకొస్తుంది, కొనుక్కో. కోడ్లు లేకపోవడం ఒక్కటే చాలదు, రెడీనెస్ మానిటర్లు (బండి కంప్యూటర్ తన పరీక్షలు పూర్తిచేసిందో లేదో చెప్పేవి) చూడు. రెండు, మూడు "నాట్ రెడీ" అంటే నిన్ననో మొన్ననో కోడ్లు చెరిపేశారన్నమాట. అరగంట తోలు, ఆగి ఉన్నప్పుడు పది నిమిషాలు ఏసీ వేసి ఉంచు, అప్పుడు గాలి వెచ్చబడితే కంప్రెసరో ఫ్యానో ఖర్చుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో, స్టెప్నీ గుంటలో మట్టి ఉందేమో చూడు. 2017 హార్వీ తుపానులో మునిగిన బండ్లు హ్యూస్టన్ చుట్టుపక్కల లెక్కలేనన్ని. పైకప్పు మీద వాలు ఎండలో చూస్తే వడగళ్ల సొట్టలు తెలుస్తాయి. విన్ నంబరుతో రీకాల్ (లోపమున్న భాగం మార్చడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) కూడా చూడు, 2015 దాకా వచ్చిన 300, చార్జర్‌లకు టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంది, మార్చడం ఉచితం. చివరగా డీలరుకు సంబంధం లేని మెకానిక్ దగ్గర 150 డాలర్లిచ్చి లిఫ్ట్ మీద చూపించు. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే ఆ బండి నీది కాదు. కిటికీ మీద "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా) అని ఉంటే సంతకం తర్వాత వచ్చే రిపేరంతా నీదే. మూడు రోజుల్లో తిరిగిచ్చే హక్కు ఉందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. టెక్సాస్‌లో కార్లకు అలాంటి హక్కు లేదు.

నీ 9,000లో 7,000 దాటకుండా 2014-16 ఇంపాలా వీ6, లిమిటెడ్ కానిది, లక్షా పది వేల మైళ్లలోపు దొరికితే తీసుకో. పన్ను 437 పోతుంది. మిగిలిన పదిహేను వందల్లో రిజిస్ట్రేషన్, మొదటి ప్రీమియం, అవసరమైతే టైర్లు. వెంటనే దొరక్కపోతే ఒక నెల ఆగు, ఆ నెల ఊబర్‌కు పెట్టిన ఖర్చు ఒక్క తప్పు బండి ఖర్చుకు ఎన్నడూ సాటిరాదు. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిలు, గాలి ఫిల్టరు మార్పించు. గేర్‌బాక్సు ఆయిల్ జీవితాంతం సరిపోతుందని ఎవరన్నా వినకు, ఒకసారి డ్రెయిన్ చేసి నింపించు, మళ్లీ 50,000 మైళ్లకు ఇంకోసారి. రసీదులన్నీ ఒక కవర్లో వేసి గ్లవ్ బాక్సులో పెట్టు. ఐదేళ్లకు నువ్వు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అవే.